సింబల్ బ్యాగు కొనేటప్పుడు అడుగు చూడండి

డ్రమ్ సెట్‌లో స్టాండ్ల మీద ఉండే గుండ్రటి లోహపు పళ్లేలే సింబల్స్. వాటిలో ఒకటైన నా 18 అంగుళాల క్రాష్ పగిలిన సంగతి చెవి కంటే ముందు గోటికి తెలిసింది. ఓ రాత్రి ప్రోగ్రామ్ అయిపోయాక సింబల్స్ తుడుస్తున్నాను. అంచు వెంబడి బొటనవేలు తిప్పుకుంటూ వస్తుంటే ఒకచోట గోరు ఆగింది. మళ్లీ వెనక్కి తిప్పాను, మళ్లీ అక్కడే ఆగింది. లైటు కిందకి తీసుకెళ్లి చూస్తే అంచు మీద నువ్వుగింజంత నొక్కు. ఆ నొక్కు దగ్గర మొదలై లోపలికి వెంట్రుకలాంటి గీత, ముప్పావు అంగుళం ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని కాస్త వంచితే గీత నోరు తెరిచింది, వదిలేస్తే మూసుకుంది. అప్పుడు కొట్టి చూశాను. మోత బాగానే వచ్చింది గానీ చివర్లో ఎక్కడో కాగితం వణికినట్టు సన్నటి గరగర. అంతకుముందు రెండు వారాలుగా ఆ గరగర వినిపిస్తూనే ఉంది. స్టాండ్ నట్ వదులైందనుకుని బిగిస్తూ వచ్చాను.

బ్యాండ్‌లో అందరిదీ ఒకటే మాట: "ఎక్కువ బాదేశావు." నేను బాదే రకం కాదు. ఆ మాటకొస్తే నా మీద ఉన్న ఫిర్యాదల్లా వినపడేంత గట్టిగా కొట్టడం లేదనే. మా కంటే చాలా ఏళ్ల ముందు నుంచి వాయిస్తున్న ఒక అన్న ఉన్నాడు. ఆయన సింబల్ ముట్టుకోలేదు, "నీ బ్యాగు ఇలా ఇవ్వరా" అన్నాడు. ఖాళీ బ్యాగుని జిప్ పూర్తిగా తెరిచి, బోర్లించి, ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. అడుగున ఒక అంగుళం మేర వెలుతురు కనిపించింది. లోపలి గుడ్డ తెగిపోయింది, దాని వెనక స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది, బయటి గుడ్డకి బ్లేడుతో గీసినట్టు తిన్నటి కోత. "ఇది పగిలింది స్టేజీ మీద కాదు, మెట్ల మీద" అన్నాడు.

నిజమే. మా ప్రాక్టీస్ గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. బ్యాగు స్ట్రాప్ పొడుగ్గా వదిలి భుజానికి వేసుకునేవాణ్ణి. దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ వెనక నుంచి 'టక్' అని ఒక చప్పుడు వచ్చేది. స్ట్రాప్ బకిల్ ఊగుతోందనుకున్నాను. వారానికి మూడుసార్లు, మూడు అంతస్తులు, ఏడాదిన్నర. అది నా క్రాష్ అంచు సిమెంటు మెట్టు మీద పడుతున్న చప్పుడు.

ఆ బ్యాగు పనికిమాలిందేమీ కాదు. కొనేటప్పుడు నేను శ్రద్ధగానే చూసుకున్నాను. షాపులో అందరూ చేసినట్టే పక్క గోడని బొటనవేలితో నొక్కి చూశాను. పరుపులా మెత్తగా ఉంది. 'ఇంత ప్యాడింగ్ ఉంటే ఇంకేం కావాలి' అనుకున్నాను. ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ బొటనవేలే. సింబల్ బ్యాగు కొనేవాళ్లలో నూటికి తొంభైమంది ఇలాగే కొంటారని నా నమ్మకం. పక్క గోడ మెత్తదనం చూసి, పైన కంపెనీ పేరు చూసి, జేబులు లెక్కపెట్టి. సింబల్‌కి దెబ్బ తగిలేది మాత్రం పక్కగోడ వైపు నుంచి కాదు. అడుగు నుంచి తగులుతుంది, లేదా పక్కనున్న ఇంకో సింబల్ నుంచి తగులుతుంది. ఈ రెండింటి గురించి ఆలోచించి కుట్టిన బ్యాగు సన్నగా ఉన్నా మంచిదే. ఆలోచించకుండా కుట్టిన బ్యాగు పరుపంత మందం ఉన్నా దండగే.

ముందు లోహం సంగతి చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది. పేరున్న సింబల్స్‌లో చాలావరకు బి20 అనే కంచుతో చేస్తారు. నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. బి8 అయితే 92 పాళ్లు రాగి, 8 పాళ్లు తగరం. కొత్తగా నేర్చుకునేవాళ్ల సెట్లలో ఎక్కువగా బి8, ఇంకా కింద ఇత్తడి కనిపిస్తాయి. తగరం పెరిగేకొద్దీ లోహం గట్టిపడుతుంది, కానీ పెళుసు కూడా అవుతుంది. 20 పాళ్ల తగరం కలిపిన కంచుని పోతపోసి అలాగే వదిలేస్తే సుత్తి దెబ్బకి పలిగిపోతుంది. అందుకే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఉక్కుని అలా ముంచితే బిరుసెక్కుతుంది, ఈ కంచు మాత్రం తిరగేసి మెత్తబడుతుంది, అప్పుడు సుత్తికి లొంగుతుంది. సింబల్స్ చేసే జిల్జియాన్ కంపెనీ తన పుట్టుకని 1623 నాటి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) దాకా లెక్కపెట్టుకుంటుంది. అంత పాత పని ఇది. ఇంత చేసినా చివరికి చేతికొచ్చే వస్తువు ఒక పెద్ద పలచటి రేకు. క్రాష్ అంచు దగ్గర మందం ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ.

అలాంటి రేకుని పుల్లతో కొట్టినప్పుడు అది మొత్తం వంగి ఊగుతుంది. వంపు అంచంతా పంచుకుంటుంది కాబట్టి ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. అంచు మీద చిన్న నొక్కు ఉందనుకోండి, పంచుకోవాల్సిన ఒత్తిడి అంతా ఆ నొక్కు మొనలో పోగవుతుంది. బిస్కెట్ ప్యాకెట్ కవరు ఎక్కడ చిన్న గాటు ఉంటే అక్కడి నుంచే చిరుగుతుంది కదా, అదే లెక్క. నొక్కు పడింది మెట్ల మీద, పగులు పారింది స్టేజీ మీద. అందుకే మనకి బ్యాగు మీద అనుమానం రాదు. 'బాదేశావు' అన్న మాట పడతాం.

ఇప్పుడు అడుగు సంగతి. గుండ్రటి పళ్లేన్ని అంచు మీద నిలబెడితే అది నేలకి ఆనేది ఎంత మేర? మెత్తటి ఫోమ్ మీద అయినా మూడు నాలుగు సెంటీమీటర్లు ఆనితే ఎక్కువ. మందం ఒక మిల్లీమీటరు. అంటే చదరపు సెంటీమీటరులో మూడో వంతు చోటు. సెట్‌లో అన్నిటికంటే పెద్ద సింబల్‌ని రైడ్ అంటారు. 22 అంగుళాల రైడ్ బరువు రెండున్నర కిలోల పైనే ఉంటుంది. రెండున్నరనే మూడో వంతుతో భాగించండి, చదరపు సెంటీమీటరుకి ఏడు కిలోల పైన పడుతుంది. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే పాదం కింద అందులో పదో వంతు కూడా పడదు. ఇది కదలకుండా నిలబెట్టినప్పటి మాట. భుజం మీంచి దించి 'హమ్మయ్య' అని నేల మీద వదిలినప్పుడు ఎంతో మీరే ఊహించుకోండి. పక్కగోడ ప్యాడింగ్‌కి ఈ కష్టంలో పదో వంతు కూడా ఉండదు. బల్లపరుపుగా ఆనే సింబల్ దేన్నీ కోయదు.

ఇంకో తమాషా ఉంది. నా బ్యాగు 22 అంగుళాలది. అందులో రైడ్, 18 క్రాష్, 16 క్రాష్, 14 అంగుళాల హైహ్యాట్ జత (కాలితో తొక్కి ఒకదానికొకటి మూసే రెండు సింబల్స్) అన్నీ ఒకే అరలో వేసేవాణ్ణి. అవన్నీ బ్యాగు మధ్యలో వరసగా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయని మనసులో బొమ్మ. ఎందుకు నిలబడతాయి? వాటిని మధ్యలో పట్టుకున్నది ఏదీ లేదు. అన్నీ అడుక్కి జారతాయి. 14 అంగుళాల హైహ్యాట్ మధ్య భాగం రైడ్ మధ్య భాగం కంటే నాలుగు అంగుళాలు కిందకి దిగిపోతుంది, 18 క్రాష్ రెండు అంగుళాలు దిగుతుంది. దాంతో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, అన్నిటి అంచులూ బ్యాగు అడుగున సరిగ్గా ఒకే చోట పోగవుతాయి. మొత్తం ఎనిమిది కిలోలు, అయిదు అంచులు, అరచేయంత స్థలం. రెండు, ఒకదాని బెల్ (నడిమధ్య ఉబ్బు) ఇంకోదాని గుంటలో కూర్చోవాల్సింది పోయి పక్క సింబల్ ఒంటికి పొడుచుకుంటుంది. నడుస్తుంటే వచ్చే 'గలగల' అదే. నాకు ఒకప్పుడు ఆ చప్పుడంటే ఇష్టంగా కూడా ఉండేది. వస్తున్నది డ్రమ్మర్ అని అందరికీ తెలుస్తుంది కదా!

అందుకే ఇప్పుడు ఎవరైనా బ్యాగు గురించి అడిగితే నేను ముందు చేతిని లోపలికి పెట్టి అడుగు తడమమంటాను. అంచు చుట్టూ తిరిగే ఆ సన్నటి పట్టీ ఉంటుంది చూడండి, దర్జీలు గస్సెట్ అంటారు, అక్కడ ఏముంది? చాలా బ్యాగుల్లో పక్క గోడలకి 15 మిల్లీమీటర్ల ఫోమ్ పెట్టి ఈ పట్టీకి మాత్రం గుడ్డ మీద గుడ్డ వేసి వదిలేస్తారు. నొక్కి చూసేది గోడనే కదా మరి. పట్టీలో గట్టి ఫోమ్ ఉండాలి. దాని మీద లోపలి వైపు రెక్సిన్ లాంటిదో, రబ్బరు లాంటిదో కోతకి ఓర్చే పొర ఒకటి ఉండాలి. బయటి వైపు కూడా అడుగు వరకైనా రెండో పొర ఉంటే మంచిది. కుట్లు పట్టీ నడిమధ్యలో కాకుండా పక్కలకి ఉండాలి. అంచు ఆనే చోటే కుట్టు పడితే సింబల్ ముందు దారాన్నే తెంపుతుంది.

ఫోమ్ ఎంత మందం అన్నది రెండో ప్రశ్న, ఏ ఫోమ్ అన్నది మొదటిది. స్నానానికి వాడే స్పాంజి లాంటిది నొక్కితే గాలంతా పోయి కాగితంలా అవుతుంది. బొటనవేలికి హాయిగా ఉండేది అదే. చదరపు సెంటీమీటరుకి ఏడు కిలోలు పడ్డప్పుడు 20 మిల్లీమీటర్ల స్పాంజి లేనట్టే లెక్క. యోగా మ్యాట్ లాంటి, మూసుకున్న బుడగలున్న ఫోమ్ అలా కాదు. నొక్కితే కొంచెమే లొంగుతుంది, వదలగానే తిరిగొస్తుంది, నీళ్లు పీల్చదు. తేడా తెలుసుకోవడం తేలిక. గోడని బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికేసినట్టు గట్టిగా పట్టుకోండి. ఒక వేలికి ఇంకో వేలు తెలిసిపోతోందంటే అది స్పాంజి. షాపువాళ్లు కొంచెం అదోలా చూస్తారు, పర్వాలేదు.

గుడ్డ గురించి పెద్దగా చెప్పను. లేబుల్ మీద 600డి, 1200డి, 1680డి అని రాసి ఉంటుంది. డి అంటే డెనియర్, 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. దారం లావు తెలుస్తుంది గానీ నేత ఎంత దగ్గరగా ఉందో, కుట్టు ఎలా ఉందో ఆ అంకె చెప్పదు. 600 కంటే 1200 నయం, అంతవరకే. నా కోతపడిన బ్యాగు మీద కూడా గొప్ప అంకే ఉంది.

డివైడర్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సింబల్‌కీ సింబల్‌కీ మధ్య మెత్తటి అడ్డుతెర ఉండాలని అందరికీ తెలుసు. చాలా బ్యాగుల్లో ఉంటుంది కూడా. చూడాల్సింది అది ఎక్కడ కుట్టి ఉంది, ఎక్కడిదాకా వస్తుంది అని. కొన్ని బ్యాగుల్లో డివైడర్ పైన వదులుగా వేలాడుతుంటుంది, అడుక్కి నాలుగు వేళ్ల ముందే ఆగిపోతుంది. సింబల్స్ అన్నీ పోగయ్యేది ఆ నాలుగు వేళ్ల చోటులోనే. అక్కడ అడ్డుతెర లేకపోతే మిగతా చోట ఎంత ముఖమల్ ఉన్నా అంచూ అంచూ ఢీకొంటూనే ఉంటాయి. డివైడర్ అడుగునే కుట్టి ఉండాలి, పై భాగం తెరుచుకోవాలి. అప్పుడే ప్రతి సింబల్‌కీ ఒక జేబు ఏర్పడుతుంది, దాని అడుగు దానికి ఉంటుంది.

డివైడర్లు లేని బ్యాగే మీ దగ్గర ఉంటే దాన్ని పారేయక్కర్లేదు. పాత దిండు గలీబులు తీసుకోండి. 16 అంగుళాల క్రాష్ అందులో హాయిగా పడుతుంది. పెద్దవాటికి పాత టీషర్టు, చేతులు లోపలికి మడిచి. నేను ఏడెనిమిది నెలలు అలాగే నడిపించాను, ఒక్క గీత పడలేదు. చూసినవాళ్లు నవ్వారు. స్టేజీ మీద కూర్చుని ఒక్కో సింబల్‌కీ చొక్కా విప్పుతుంటే నవ్వరా మరి! కానీ వేలాడే ముఖమల్ డివైడర్ కంటే అడుగుదాకా కప్పే పాత గలీబు మేలని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

హైహ్యాట్‌కి బయట వేరే జేబు ఉన్న బ్యాగు దొరికితే అదే తీసుకోండి. అది సౌకర్యం కోసమని అందరూ అనుకుంటారు, అసలు లాభం బరువు విడిపోవడం. హైహ్యాట్ జత రెండు కిలోల పైనే తూగుతుంది, చిన్నది కాబట్టి పెద్ద అరలో అన్నిటికంటే కిందకి జారేది అదే, పక్కవాటిని పొడిచేదీ అదే. దాన్ని బయటికి తీసేస్తే లోపలి గొడవ సగం తగ్గిపోతుంది. ఒక్క మాట, ఆ జత ప్యాక్ చేసేటప్పుడు వాయించే పద్ధతిలో అంచుకి అంచు ఎదురుగా పెట్టకండి. ఒకదాని బోలులో ఇంకోటి కూర్చునేలా, రెండూ ఒకే వైపు తిప్పి, మధ్యలో గుడ్డ వేసి పెట్టండి. మిగతావి కూడా అన్నీ ఒకే వైపు. చైనా సింబల్ ఒక్కటే ఈ వరసలో ఇమడదు. దాని అంచు వెనక్కి తిరిగి ఉంటుంది, పక్కవాటిని గీరుతుంది. దానికి చివరి అర.

నట్లు, ఫెల్ట్‌లు, స్లీవ్‌లు, డ్రమ్ కీ ఇవన్నీ వేసుకోవడానికి చిన్న జేబు బయట ఉండాలి. లోపలి అరలో పడిన ఒక్క వింగ్‌నట్ చాలు, ఒక్క ప్రయాణంలో సింబల్ మీద చిత్రలేఖనం చేసేస్తుంది.

సైజు విషయంలో నాకూ మా అన్నకీ పడదు. ఆయన ఎప్పుడూ ఒక సైజు పెద్దది కొనమంటాడు, రేపు 24 అంగుళాల రైడ్ కొంటే ఎక్కడ పెడతావని. నేనేమో ఉన్న పెద్ద సింబల్‌కి సరిపడా కొనమంటాను. పెద్ద బ్యాగులో చిన్న సింబల్ ఇంకా ఎక్కువ జారుతుంది, అడుగున పోగవడం ఇంకా ఎక్కువ. అలాగని బిగుతుగా కూడా ఉండకూడదు. జిప్ లాగుతుంటే దాని పళ్లు రైడ్ అంచుని రాసుకుంటూ పోతే జిప్ ఆరు నెలల్లో పోతుంది. రైడ్ లోపల పెట్టి జిప్ వేశాక అంచుకీ జిప్‌కీ మధ్య ఒక వేలు పట్టాలి. 22 అని రాసిన బ్యాగులన్నీ ఒకే కొలతలో ఉండవు, కాబట్టి వీలైతే మీ రైడ్ వెంట తీసుకెళ్లండి. వీలుకాకపోతే లోపలి కొలత అడగండి, బయటి కొలత కాదు.

జిప్ అంటే గుర్తొచ్చింది. జిప్ పైన సగం చుట్టూ తిరిగి ఆగిపోవాలి. సగం దాటి కిందకి దిగితే బరువంతా జిప్ చివర కుట్ల మీద పడుతుంది. మరీ తక్కువ తెరుచుకుంటే సింబల్‌ని వంకరగా తోయాలి, అప్పుడు అంచు జిప్ పళ్లకి తగులుతుంది. జిప్ లోపలి వైపు ఒక గుడ్డ పట్టీ అడ్డంగా ఉంటే ఈ బాధ ఉండదు. జిప్ వెనకవైపు 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది, మూసిన పళ్ల వెడల్పు దాదాపు అన్ని మిల్లీమీటర్లని అర్థం. ఈ బరువుకి 10 కావాలి. 8 కూడా ఓర్చుకుంటుంది. 5 ఉన్నది పుస్తకాల సంచి. హ్యాండిల్, స్ట్రాప్ గుడ్డతో కలిసే చోట చతురస్రం గీసి మధ్యలో ఇంటూ మార్కు పెట్టినట్టు కుట్టు ఉందో లేదో చూడండి. కొక్కేలు లోహంవి అయితేనే తీసుకోండి. ప్లాస్టిక్ కొక్కెం ఒక్కసారే విరుగుతుంది, కానీ ఆ ఒక్కసారి మీరు ఎక్కడ ఉంటారో చెప్పలేం.

ఇక మోసే సంగతి. సింబల్స్ ఎనిమిది కిలోలు, బ్యాగు ఇంకో రెండు. పది కిలోల గుండ్రటి బల్ల ఒంటి భుజానికి వేలాడుతూ ఉంటే ప్రతి అడుగుకీ పిక్కకి తగులుతుంది, తలుపు సందుల్లో తగులుతుంది, ఎదురొచ్చేవాళ్లకి తగులుతుంది. వీపుకి రెండు పట్టీలతో వేసుకునేది నయం. కానీ నా మెట్ల కథ గుర్తుందా? వీపుకి వేసుకున్నా పట్టీలు పొడుగ్గా వదిలితే అదే జరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు మన వెనక మెట్టు మన కంటే ఎత్తులో ఉంటుంది, బ్యాగు అడుగు దానికి తగులుతుంది. ఎక్కేటప్పుడు తగలదు, అందుకే అనుమానం రాదు. పట్టీలు బిగించి, బ్యాగు అడుగు నడుము దాటకుండా చూసుకోవాలి. పొట్టివాళ్లకి 24 అంగుళాల బ్యాగు వీపు మీద ఎంత బిగించినా కిందకే ఉంటుంది. షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకోవడం కాదు, లోపల సింబల్స్ పెట్టి రెండు మెట్లు దిగి చూడండి. రైడ్‌ని వీపు వైపు అరలో పెడితే బరువు ఒంటికి దగ్గరగా ఉంటుంది, వెనక్కి లాగదు.

ఇంత రాశాక "హార్డ్ కేస్ కొనుక్కుంటే ఈ గోలంతా ఉండదు కదా" అని ఎవరో ఒకరు అంటారు. అనాల్సిన మాటే. మధ్యలో రాడ్ ఉండి, దాని మీద సింబల్స్ దొంతరగా పేర్చి, పైన నట్ బిగించే గట్టి ప్లాస్టిక్ కేసులు ఉన్నాయి. అందులో బరువు మధ్య రంధ్రం మీద పడుతుంది, అంచు దేనికీ ఆనదు. నేను ఇందాకటి నుంచి అడుగు గురించి మొత్తుకుంటున్నదానికి అదే సరైన జవాబు, ఒప్పుకుంటాను. సామానంతా లారీలో వెళ్లి, ఎవరో దింపి, పైన యాంప్లిఫయర్లు పేర్చే బ్యాండ్ అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు, హార్డ్ కేసే. ప్యాడింగ్ ఎంత ఉన్నా పైనుంచి పడే బరువుని గుడ్డ ఆపలేదు.

కానీ నాలాంటివాళ్ల సంగతి వేరు. ఎవరి సింబల్స్ వాళ్లే మోసుకుంటాం, మూడు అంతస్తులు మేమే ఎక్కుతాం. ఖాళీగానే బరువుండే కేసుని ఒంటి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో స్నేర్ డ్రమ్, చంకలో పుల్లల సంచి. నాకు తెలిసిన ఇద్దరు హార్డ్ కేసులు కొన్నారు. ఇద్దరివీ ఇప్పుడు మంచం కింద ఉన్నాయి. సింబల్స్ మాత్రం మామూలు సంచుల్లో తిరుగుతున్నాయి. మోయలేక ఇంట్లో వదిలేసిన కేసు ఏ సింబల్‌నీ కాపాడదు. పైగా రాడ్ మీద మధ్యలో ఫెల్ట్ లేకుండా పేర్చితే బెల్‌లు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటాయి, రంధ్రం రాడ్‌కి రాసుకుని కోలగా సాగుతుంది. హార్డ్ కేస్ కొన్నవాళ్లు కూడా మధ్యలో ఏదో ఒక గుడ్డ వేయాల్సిందే.

విమానం ఎక్కేవాళ్లకి ఇంకో చిక్కు. 22 అంగుళాలంటే 56 సెంటీమీటర్లు, బ్యాగు బయటి కొలత 60 దాకా వస్తుంది. చేతి సంచికి విమాన సంస్థలు ఇచ్చే కొలత చాలాచోట్ల 55కి 40 సెంటీమీటర్లకి అటూ ఇటూ. గుండ్రటి వస్తువుకి అటు 60, ఇటూ 60. రూలు ప్రకారం పట్టదు. సన్నగా ఉంటుంది కాబట్టి కౌంటర్ దగ్గర మంచిగా అడిగితే ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, కుదరదన్నవాళ్లూ ఉన్నారు. ఆ మంచితనం మీద ప్రయాణం పెట్టుకోకండి. సామానులో వేయాల్సి వస్తే మెత్తటి బ్యాగుని అలాగే వేయకుండా గట్టి పెట్టెలో పడుకోబెట్టి వేయండి.

తేమ గురించి రెండు ముక్కలు. ప్యాడింగ్ ఉన్న బ్యాగు చలికి రగ్గు లాంటిది, లోపలి తడిని బయటికి పోనివ్వదు. ప్రోగ్రామ్ అయ్యాక చెమట చేతులతో పట్టుకుని అలాగే లోపల పెట్టి వారం వదిలేస్తే వేలిముద్రలు నల్లగా, ఆకుపచ్చగా దిగిపోతాయి. తుడిచి పెట్టడం, ఇంటికొచ్చాక జిప్ తెరిచి ఉంచడం, అంతకంటే ఏం లేదు. సింబల్‌తో వచ్చే ప్లాస్టిక్ కవరు డివైడర్‌గా బాగానే పనికొస్తుంది, కానీ తడి మీద అదే కవరు వేస్తే ఇంకా చెరుపు. తోలు బ్యాగులు చూడ్డానికి ఎంత బాగున్నా నాకు వాటి మీద గురి లేదు. చెమ్మ తగిలిన తోలు పక్కన కంచు పచ్చబారుతుంది.

మా అన్న చెప్పాక నేను కొన్న రెండో బ్యాగు చూడ్డానికి పేలవంగా ఉంటుంది. గోడలు 10 మిల్లీమీటర్లే, పక్కన నొక్కితే గట్టిగా, పరుపు సుఖం అస్సలు లేదు. అడుగు పట్టీ మాత్రం చెప్పు అట్టలా ఉంది. అడుగునే కుట్టిన నాలుగు డివైడర్లు, బయట హైహ్యాట్ జేబు, 10 నంబరు జిప్. పక్కనే దీనికంటే రెట్టింపు ఉబ్బిన ఇంకో బ్యాగు ఉంది. షాపతను దాన్నే నా చేతిలో పెట్టి "నొక్కి చూడండి సార్" అన్నాడు. నొక్కాను. చాలా బాగుంది. నాలుగేళ్లయింది, రెండో బ్యాగు అడుగున లోపలి పొర మీద నల్లటి చారలు పడ్డాయి గానీ తెగలేదు. నెలకోసారి ఖాళీ చేసి లైటుకి పట్టుకుని చూస్తుంటాను. ఇంట్లోవాళ్లకి అదొక పిచ్చిలా కనిపిస్తుంది.

పగిలిన క్రాష్‌ని ఏం చేశావని అడుగుతారు. పగులు కొసన డ్రిల్‌తో చిన్న గుండ్రటి రంధ్రం చేశారు, ఒత్తిడి మొనలో పోగవకుండా గుండ్రటి అంచు మీద పరుచుకోవాలని. పగులు చాలాకాలం ఆగింది, తర్వాత రంధ్రం అవతల మళ్లీ మొదలైంది. ఇప్పుడు దాని మీద స్ప్లాష్ అనే ఒక 10 అంగుళాల చిన్న సింబల్ బోర్లించి, రెండూ కలిపి స్టాక్‌లా వాయిస్తున్నాను. 'చఫ్' మని పొడిగా కోసినట్టు పడుతుంది, మా గాయకుడికి అన్నిటికంటే అదే ఇష్టం. బ్యాగులో దానికి చివరి అర, చైనా పక్కన. డివైడర్ ఇవ్వలేదు, దిండు గలీబు ఇచ్చాను.